గవర్నరు కోటా శాసనమండలి స్థానాలు: అర్హత, సలహా, జాప్యం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

రాష్ట్ర శాసనమండలిలో దాదాపు ఆరోవంతు స్థానాలను భారత రాజ్యాంగం గవర్నరు నామినేషనుకు కేటాయించింది. సాహిత్యం, శాస్త్రం, కళ, సహకారోద్యమం, సామాజిక సేవ అనే ఐదు రంగాల్లో విశేష పరిజ్ఞానం లేదా ఆచరణాత్మక అనుభవం ఉన్నవారితో వీటిని నింపాలని 171(5) అధికరణ చెబుతోంది. పేరును సూచించేది మంత్రిమండలి, నియామక ఉత్తర్వు వెలువడేది గవర్నరు పేరిట. వీరిద్దరూ పరస్పర వ్యతిరేక రాజకీయ పక్షాలకు సన్నిహితులైనప్పుడు ఖాళీ స్థానం వివాదాస్పదమవుతుంది. మద్రాసు, బీహార్, మహారాష్ట్ర, తెలంగాణ అనుభవాల ఆధారంగా ఈ వివాదాల స్వభావాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. నామినేషను వివాదాల్లో గవర్నరు ప్రకటిత తిరస్కారం కన్నా గడువు లేని మౌనమే బలమైన అధికారంగా పనిచేస్తున్నదని ప్రతిపాదిస్తుంది. 2025 నవంబరు వరకు జరిగిన పరిణామాలు ఇందులో పరిగణనలోకి వచ్చాయి.

కీలకపదాలు: శాసనమండలి, గవర్నరు, నామినేషను, 171(5) అధికరణ, మంత్రిమండలి సలహా, విచక్షణాధికారం, తెలంగాణ, మహారాష్ట్ర.

1. ఉపోద్ఘాతం:

శాసనసభ స్థానం ఖాళీ అయితే ఆ నియోజకవర్గ ప్రజలకు వెంటనే తెలుస్తుంది. ఉపఎన్నిక ఎప్పుడని పార్టీలు అడుగుతాయి, పత్రికలు రాస్తాయి. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 151ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికైన సభ్యుల ఖాళీలను సాధారణంగా 6 నెలల్లోగా నింపాలి. మిగిలిన పదవీకాలం ఏడాదికన్నా తక్కువైనప్పుడు, లేదా ఆ గడువులో ఎన్నిక జరపడం కష్టమని కేంద్ర ప్రభుత్వాన్ని సంప్రదించి ఎన్నికల సంఘం ధ్రువీకరించినప్పుడు మాత్రమే మినహాయింపు ఉంటుంది.

నామినేటెడ్ స్థానానికి ఇటువంటి రక్షణ లేదు. దానికి నియోజకవర్గం లేదు, ఓటరు లేడు, గడువూ లేదు. అది నెలల తరబడి ఖాళీగా ఉన్నా ప్రాతినిధ్యం కోల్పోయామని ఫిర్యాదు చేసే ప్రజాసమూహం కనిపించదు. ఆ ఖాళీని ఎవరు, ఎలా, ఎప్పటిలోగా నింపాలి అన్న ప్రశ్న రాజ్యాంగ వ్యవస్థల మధ్య సంబంధాలను పరీక్షించే ప్రశ్నగా మారడానికి ఇదే కారణం.

2. రాజ్యాంగ నిర్మాణం:

171వ అధికరణ ప్రకారం శాసనమండలి సభ్యుల సంఖ్య ఆ రాష్ట్ర శాసనసభ సంఖ్యలో మూడోవంతుకు మించకూడదు, 40కి తగ్గకూడదు. సభ్యుల్లో మూడోవంతు మందిని స్థానిక సంస్థలు, మరో మూడోవంతు మందిని శాసనసభ్యులు, పన్నెండోవంతు మందిని పట్టభద్రులు, మరో పన్నెండోవంతు మందిని ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. మిగిలిన స్థానాలు గవర్నరు నామినేషనుకు చెందుతాయి. ప్రస్తుతం ఆరు రాష్ట్రాల్లో మండళ్లు ఉన్నాయి. తెలంగాణలో 40 స్థానాలకు 6, ఆంధ్రప్రదేశ్‌లో 58కి 8, మహారాష్ట్రలో 78కి 12, ఉత్తరప్రదేశ్‌లో 100కి 10 నామినేటెడ్ స్థానాలు.

రాజ్యసభ నామినేషన్లకు వర్తించే 80(3) అధికరణలో సాహిత్యం, శాస్త్రం, కళ, సామాజిక సేవ అనే నాలుగు రంగాలే ఉన్నాయి. మండలి విషయంలో సహకారోద్యమం అదనంగా చేరింది. రాష్ట్రస్థాయిలో గ్రామీణ ఆర్థిక జీవనంతో ముడిపడిన అనుభవానికి సభలో చోటుండాలన్న ఉద్దేశం ఇందులో కనిపిస్తుంది. అయితే ఈ ఐదు రంగాల్లో ‘సామాజిక సేవ’కు హద్దులు గీయడం కష్టం. రచయితకు రచనలుంటాయి, శాస్త్రవేత్తకు పరిశోధనలుంటాయి. సామాజిక సేవకు అటువంటి స్థిరమైన కొలమానం లేదు. రాజకీయ జీవితమంతా ప్రజాసేవేనని వాదించే వీలుండటం వల్ల నామినేషన్లలో ఎక్కువ భాగం ఈ ద్వారం గుండానే జరుగుతున్నాయి.

ఇక గవర్నరు అధికారం మాట. 163(1) అధికరణ ప్రకారం, రాజ్యాంగం విచక్షణకు విడిచిన విషయాల్లో తప్ప, గవర్నరు మంత్రిమండలి సహాయ సలహాలతో పనిచేయాలి. నామినేషను విచక్షణాధికారమని 171(5) ఎక్కడా చెప్పలేదు. పశ్చిమబెంగాల్ మండలి నామినేషన్లపై వచ్చిన బిమన్ చంద్ర బోస్ కేసులో కలకత్తా హైకోర్టు 1952లోనే ఇది మంత్రిమండలి సలహాపై జరగవలసిన పని అని చెప్పింది. గవర్నరు రాజ్యాంగబద్ధ అధిపతి మాత్రమేనన్న సూత్రాన్ని షంషేర్ సింగ్ కేసు (1974)లో సుప్రీంకోర్టు స్థిరపరిచింది.

సూత్రం ఇంత స్పష్టంగా ఉన్నా వివాదాలు ఆగలేదు. సిఫారసైన వ్యక్తికి అర్హత ఉన్నదో లేదో ఎవరు తేల్చాలి, సిఫారసు అందాక ఎన్నాళ్లలో నిర్ణయం తీసుకోవాలి అన్న రెండు ప్రశ్నలకు రాజ్యాంగ పాఠంలో సమాధానం లేకపోవడమే దీనికి కారణం.

3. తొలి అనుభవాలు – మద్రాసు, బీహార్:

నామినేటెడ్ స్థానం అధికార రాజకీయాలకు తోవ కావడం కొత్త సంగతి కాదు. 1952 ఎన్నికల్లో తెలుగు జిల్లాలు కూడా భాగమైన ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసుకు 375 స్థానాల్లో 152 మాత్రమే దక్కాయి. టంగుటూరి ప్రకాశం నాయకత్వంలో ప్రతిపక్షాలు ఐక్య ప్రజాస్వామ్య కూటమిగా ఏర్పడ్డాయి. ఆ దశలో గవర్నరు శ్రీప్రకాశ, ఎన్నికల్లో పోటీ చేయని చక్రవర్తి రాజగోపాలాచారిని మండలికి నామినేట్ చేసి ప్రభుత్వ ఏర్పాటుకు ఆహ్వానించారు. ఈ నామినేషనుపై కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తి మద్రాసు హైకోర్టును ఆశ్రయించినా ఫలితం దక్కలేదు. జూలైలో రాజాజీ సభావిశ్వాసం పొందారు. రాజాజీ సాహితీవేత్త కనుక ఆయన అర్హతను శంకించడం కష్టం. కాని ఆ నామినేషను నెరవేర్చిన ప్రయోజనం సాహిత్య సంబంధమైనది కాదు.

1968లో బీహార్‌లో ఈ తోవ మరింత బాహాటంగా వాడుకలోకి వచ్చింది. బి.పి. మండల్ ముఖ్యమంత్రి కావాలంటే మండలి సభ్యత్వం అవసరమైంది. జనవరి 28న సతీశ్ ప్రసాద్ సింగ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆ మంత్రివర్గం సిఫారసుపై మండల్ నామినేట్ అయ్యారు. ఫిబ్రవరి 1న ఆయనే ముఖ్యమంత్రి అయ్యారు.

ఈ రెండు ఉదంతాల్లోనూ గవర్నరు నామినేషను ఒక పక్షానికి వేగంగా ఉపకరించింది. ఇటీవలి దశాబ్దంలో పరిస్థితి తిరగబడింది. రాష్ట్రంలో ఒక పక్షం, కేంద్రంలో దాని ప్రత్యర్థి అధికారంలో ఉన్నచోట వేగానికి బదులు జాప్యం ప్రధానాంశమైంది. 2015లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం పంపిన 9 పేర్లలో గవర్నరు రామ్ నాయక్ నలుగురినే ఆమోదించడం ఈ మార్పుకు తొలి సూచనల్లో ఒకటి.

4. మహారాష్ట్ర – ప్రభుత్వం మారేదాకా ఖాళీ:

ఉద్ధవ్ ఠాక్రే 2019 నవంబరు 28న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసేనాటికి ఏ సభలోనూ సభ్యుడు కారు. 164(4) అధికరణ ప్రకారం 6 నెలల్లోగా సభ్యత్వం పొందాలి. కోవిడ్ కారణంగా మండలి ఎన్నికలు వాయిదా పడటంతో, గవర్నరు కోటాలో ఖాళీగా ఉన్న స్థానానికి ఆయనను నామినేట్ చేయాలని మంత్రివర్గం 2020 ఏప్రిల్ 9న సిఫారసు చేసింది. ఆ స్థానపు పదవీకాలం జూన్ తొలివారంతో ముగియనుంది. గవర్నరు భగత్‌సింగ్ కోష్యారీ నిర్ణయం ప్రకటించలేదు. మంత్రివర్గం ఏప్రిల్ 27న రెండోసారి సిఫారసు చేసింది. చివరకు మండలి ఎన్నికలు జరపాలని గవర్నరు ఎన్నికల సంఘాన్ని కోరారు. మే నెలలో ఠాక్రే ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. గవర్నరు సలహాను ఆమోదించలేదు, తిరస్కరించనూ లేదు. ముఖ్యమంత్రి పదవి మాత్రం కొన్ని వారాలపాటు ఆ మౌనం మీద ఆధారపడింది.

అదే ఏడాది జూన్ నాటికి 12 నామినేటెడ్ స్థానాలూ ఖాళీ అయ్యాయి. నవంబరు 6న మంత్రివర్గం 12 పేర్ల జాబితా అందజేసింది. సమాధానం రాలేదు. రతన్ సోలీ లూథ్ కేసులో బొంబాయి హైకోర్టు 2021 ఆగస్టు 13న తీర్పునిస్తూ, సిఫారసును సహేతుకమైన కాలంలో ఆమోదించడమో వెనక్కి పంపడమో గవర్నరు బాధ్యత అని, 8 నెలలు గడవడం ఆ పరిధిని దాటిందని అభిప్రాయపడింది. కాని 361 అధికరణ ప్రకారం గవర్నరు తన అధికార నిర్వహణ విషయంలో న్యాయస్థానాలకు జవాబుదారీ కారు. అందువల్ల కోర్టు ఆయనను ఆదేశించలేదు. తీర్పు తరువాత కూడా జాబితా కదలలేదు.

2022 జూన్ 30న ఏక్‌నాథ్ శిందే ప్రభుత్వం ఏర్పడింది. పాత జాబితాను ఉపసంహరించుకుంటున్నట్టు కొత్త ప్రభుత్వం తెలియజేయగా గవర్నరు దాన్ని తిప్పి పంపారు. విషయం సుప్రీంకోర్టుకు చేరడంతో కొత్త నియామకాలు 2023 జూలై దాకా నిలిచిపోయాయి. 2024 అక్టోబరు 15న, శాసనసభ ఎన్నికల షెడ్యూలు వెలువడడానికి కొద్ది గంటల ముందు, ఏడుగురి నామినేషను పూర్తయింది. మొదటి జాబితా ఉపసంహరణను ప్రశ్నించిన పిటిషన్‌ను బొంబాయి హైకోర్టు 2025 జనవరి 9న కొట్టివేసింది. అంటే 2020లో అధికారంలో ఉన్న మంత్రిమండలి ఇచ్చిన సలహా ఏనాడూ తిరస్కారానికి గురికాలేదు. ఇచ్చినవారు అధికారం కోల్పోయేదాకా ఎదురుచూడటంతో అది తనంతట తానే చెల్లిపోయింది.

5. తెలంగాణ – తిరస్కారం, తీర్పు, తదనంతరం:

తెలంగాణలో గవర్నరు తమిళిసై సౌందరరాజన్ కాలంలో మూడు రకాల స్పందనలు కనిపిస్తాయి. 2020 నవంబరులో కవి, గాయకుడు గోరటి వెంకన్నతోపాటు బస్వరాజు సారయ్య, బొగ్గారపు దయానంద్‌ల నామినేషను జాప్యం లేకుండా జరిగింది. 2021 ఆగస్టులో మంత్రివర్గం పాడి కౌశిక్ రెడ్డి పేరు సిఫారసు చేసినప్పుడు, ఆయన సేవారంగం కిందికి వస్తారా అన్నది పరిశీలించాలంటూ గవర్నరు నిర్ణయాన్ని పెండింగులో ఉంచారు. నవంబరులో ప్రభుత్వం ఆయనను శాసనసభ్యుల కోటాలో మండలికి పంపింది. గవర్నరు కోటా స్థానానికి సిరికొండ మధుసూదనాచారిని సిఫారసు చేయగా డిసెంబరులో ఆమోదం లభించింది. ఇక్కడ మౌనమే తిరస్కారంగా పనిచేసింది.

మూడోది బహిరంగ తిరస్కారం. 2023 మే 27న ఇద్దరు నామినేటెడ్ సభ్యుల పదవీకాలం ముగిసింది. జూలై 31న మంత్రివర్గం దాసోజు శ్రవణ్, కుర్రా సత్యనారాయణల పేర్లు సిఫారసు చేసింది. సెప్టెంబరు 19న గవర్నరు రెండింటినీ తిరస్కరించారు. నిర్దేశిత రంగాల్లో వారి విశేష కృషి సిఫారసు పత్రాల్లో కనిపించలేదన్నది ఒక కారణం. రాజకీయాల్లో ఉన్నవారిని ఈ స్థానాలకు సిఫారసు చేయకూడదన్నది మరొకటి.

ఈ రెండు కారణాలను విడివిడిగా పరిశీలించాలి. మొదటిది 171(5) పాఠంలోంచి పుట్టినదే. రంగాలను రాజ్యాంగం నిర్దేశించినప్పుడు ఆధారాలు అడగడం అసంగతం కాదు. రెండోదానికి పాఠబలం లేదు. పైగా పదో షెడ్యూలు దానికి విరుద్ధంగా ఉంది. 1985లో 52వ సవరణ ద్వారా చేరిన ఆ షెడ్యూలు, నామినేషను నాటికే ఒక పార్టీలో సభ్యత్వం ఉన్న నామినేటెడ్ సభ్యుణ్ణి ఆ పార్టీకి చెందినవాడిగానే పరిగణిస్తుంది. అప్పటికి ఏ పార్టీలోనూ లేనివారు ప్రమాణం చేసిన 6 నెలల తరువాత పార్టీలో చేరితే అనర్హులవుతారు. పార్టీ సభ్యులు నామినేట్ కావచ్చునన్న ఊహ రాజ్యాంగంలోనే ఉన్నదని దీనివల్ల స్పష్టమవుతుంది. పార్టీ సభ్యత్వం అర్హత కాదు, అనర్హతా కాదు.

2023 డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. కొత్త మంత్రివర్గం సిఫారసుపై 2024 జనవరి చివరివారంలో ఎం. కోదండరాం, ఆమేర్ అలీఖాన్‌లను అదే గవర్నరు నామినేట్ చేశారు. కోదండరాం ఉస్మానియా విశ్వవిద్యాలయ రాజనీతిశాస్త్ర విశ్రాంత ఆచార్యులు, తెలంగాణ ఉద్యమ సారథుల్లో ఒకరు. అప్పటికి ఆయన తెలంగాణ జన సమితి అధ్యక్షులు కూడా. నాలుగు నెలల ముందు ప్రకటించిన రాజకీయ సంబంధాల ప్రమాణం ఈసారి అడ్డు కాలేదు.

2024 మార్చి 7న తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ అలోక్ అరాధే, జస్టిస్ జె. అనిల్ కుమార్‌ల ధర్మాసనం ఈ రెండు చర్యలనూ కొట్టివేసింది. తీర్పులోని ప్రధానాంశాలు మూడు. నామినేషను విషయంలో గవర్నరు మంత్రిమండలి సలహాకు కట్టుబడాలి. సిఫారసైన వ్యక్తి అర్హత, అనర్హతలను పరిశీలించవచ్చు. అవసరమైన సమాచారం లేదనిపిస్తే మంత్రిమండలికి తిప్పి పంపవచ్చు. అంతేకాని తానే తుది తిరస్కారం పలకడం కుదరదు. గవర్నరును ఆదేశించకుండా, రాజ్యాంగానుసారం చర్య తీసుకుంటారన్న ఆశాభావంతో కోర్టు విషయాన్ని ముగించింది.

తీర్పు వచ్చేనాటికి శ్రవణ్, సత్యనారాయణల పేర్లు సిఫారసు చేసిన ప్రభుత్వం లేదు. కొత్త ప్రభుత్వం కోదండరాం, ఆమేర్ అలీఖాన్‌ల పేర్లనే మళ్లీ పంపింది. 2024 ఆగస్టు 16న వారు ప్రమాణం చేసేసరికి ఆ రెండు స్థానాలు దాదాపు 15 నెలలు ఖాళీగా ఉన్నాయి. 2025 ఆగస్టు 13న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో వారి సభ్యత్వం నిలిచిపోయింది. తదుపరి నామినేషన్లు తుది తీర్పుకు లోబడి ఉంటాయని కోర్టు పేర్కొంది. నెలాఖరులో మంత్రివర్గం కోదండరాంతోపాటు మాజీ క్రికెటర్ మహమ్మద్ అజారుద్దీన్ పేరు సిఫారసు చేసింది. ఏ సభలోనూ సభ్యుడు కాకుండానే అజారుద్దీన్ అక్టోబరు 31న మంత్రిగా ప్రమాణం చేశారు. 2020లో వినిపించిన 6 నెలల గడువు ప్రశ్న ఇక్కడ మళ్లీ ఎదురైంది. దాసోజు శ్రవణ్ 2025 మార్చిలో శాసనసభ్యుల కోటా నుంచి మండలికి వచ్చారు. న్యాయస్థానంలో గెలిచిన వాదన ఆయనకు స్థానం ఇవ్వలేదు, పార్టీ సంఖ్యాబలం ఇచ్చింది.

6. విశ్లేషణ:

పై ఉదంతాల్లో రెండు పక్షాలకూ బాధ్యత ఉంది. మంత్రిమండళ్లు గవర్నరు కోటాను తరచు పార్టీ సర్దుబాట్లకు వాడుకున్నాయి. టికెట్ దక్కనివారికి, పార్టీ మారి వచ్చినవారికి, సభ్యత్వం లేని మంత్రులకు అది ఆశ్రయమైంది. గవర్నర్లు అర్హత ప్రశ్నను ప్రభుత్వాన్ని బట్టి ఒకసారి కఠినంగా, మరోసారి ఉదారంగా అన్వయించారు. అర్హతకు లిఖిత ప్రమాణం లేకపోవడం ఇద్దరికీ సౌకర్యంగానే ఉంది.

అయితే ఇద్దరి చేతిలోని ఆయుధాలు సమానం కావు. అర్హత లేని సిఫారసును ప్రశ్నించవచ్చు. బహిరంగ తిరస్కారాన్ని న్యాయస్థానం కొట్టివేయవచ్చు, తెలంగాణలో అదే జరిగింది. మౌనాన్ని కొట్టివేయడానికి ఉత్తర్వంటూ ఉండదు. బొంబాయి హైకోర్టు తీర్పు మౌనాన్ని తప్పుపట్టగలిగింది కాని ఛేదించలేకపోయింది. శాసనసభ పదవీకాలం 5 ఏళ్లు కాగా, జాప్యం ప్రభుత్వం మారేదాకా సాగితే సలహా విలువే నశిస్తుంది. కారణం చెప్పి తిరస్కరించిన గవర్నరు న్యాయసమీక్షకు లోబడగా, ఏమీ చెప్పని గవర్నరు ఆచరణలో దాన్ని తప్పించుకోగలగడం ఈ వ్యవస్థలోని ప్రధాన వైరుధ్యం.

బిల్లుల ఆమోదంపై 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన అభిప్రాయం ఇక్కడ గమనార్హం. గవర్నరుకు న్యాయస్థానాలు గడువులు విధించలేవని, సుదీర్ఘమైన, కారణం లేని నిష్క్రియాపరత్వం ఉన్నప్పుడు మాత్రం నిర్ణయం తీసుకోవాలని పరిమితంగా నిర్దేశించవచ్చని ఆ అభిప్రాయ సారాంశం. అది 200 అధికరణకు సంబంధించినది. నామినేషన్లకు నేరుగా వర్తించదు. కాని గడువు న్యాయస్థానం నుంచి కాక శాసనం నుంచి రావాలన్న సూచన అందులో ఇమిడి ఉంది.

శాసనం ద్వారా గవర్నరును నియంత్రించిన అనుభవం అమెరికాలో ఉంది. అక్కడ గవర్నరు ప్రజలెన్నుకున్న పార్టీ నాయకుడు కనుక పక్షపాతం దాపరికం లేకుండానే ఉంటుంది. 1913 నాటి 17వ రాజ్యాంగ సవరణ ప్రకారం సెనేట్ ఖాళీలో ఎన్నిక జరిగేదాకా తాత్కాలిక నియామకం చేసే అధికారాన్ని రాష్ట్ర శాసనసభ గవర్నరుకు ఇవ్వవచ్చు. వయోమింగ్ చట్టం ప్రకారం ఖాళీ చేసిన సభ్యుడి పార్టీ మూడు పేర్లు ఇస్తే గవర్నరు ఒకరిని ఎంచుకోవాలి. 2007లో డెమొక్రాటిక్ గవర్నరు ఈ పద్ధతిలోనే రిపబ్లికన్ జాన్ బరాసోను నియమించారు. చట్టం కూడా పక్షపాతానికి అతీతం కాదని మసాచుసెట్స్ నిరూపించింది. గవర్నరు రిపబ్లికన్‌గా ఉన్న 2004లో డెమొక్రాట్ల ఆధిక్యం గల శాసనసభ నియామకాధికారాన్ని తొలగించింది. గవర్నరు డెమొక్రాట్‌గా ఉన్న 2009లో దాన్ని పునరుద్ధరించింది. అయినా అక్కడ నియామకం తాత్కాలికం, చివరి మాట ఓటరుది. భారతదేశంలో నామినేటెడ్ సభ్యుడు ఓటరు ముందుకు రాకుండానే 6 ఏళ్లు కొనసాగుతాడు. అందువల్ల నియామక ప్రక్రియలోనే పారదర్శకత ఉండవలసిన అవసరం ఇక్కడ మరింత ఎక్కువ.

7. ముగింపు:

ఈ పరిశీలన ఆధారంగా కింది అంశాలను ప్రతిపాదించవచ్చు.

• సిఫారసైన వ్యక్తి ఏ రంగానికి చెందినవారో, ఆ రంగంలో వారి కృషి ఏమిటో తెలిపే లిఖిత వివరణను మంత్రిమండలి సిఫారసుతోపాటు బహిరంగపరచాలి. దీనివల్ల సర్దుబాటు సిఫారసులకు కొంత అడ్డుకట్ట పడుతుంది. ఆధారాలు లేవన్న అభ్యంతరానికీ చోటు తగ్గుతుంది.

• గవర్నరు కారణాలు చూపి ఒకసారి పునఃపరిశీలనకు పంపవచ్చు. మంత్రిమండలి మళ్లీ అదే సలహా ఇస్తే ఆమోదించాలి. తెలంగాణ హైకోర్టు తీర్పు ఈ క్రమంలో మొదటి మెట్టును గుర్తించింది.

• ఎన్నికైన స్థానాలకు 151ఏ సెక్షన్ నిర్దేశించినట్టే నామినేటెడ్ స్థానాల ఖాళీలకూ గడువు ఉండాలి. మండలి కూర్పును చట్టం ద్వారా మార్చే అధికారాన్ని 171(2) అధికరణ పార్లమెంటుకే ఇచ్చింది. కనుక చర్చ అక్కడ మొదలుకావడం సముచితం.

సాహితీవేత్తలకు, శాస్త్రవేత్తలకు, కళాకారులకు, సహకార, సేవారంగాల కార్యకర్తలకు ఎన్నికల బరిలోకి దిగకుండానే చట్టసభలో మాట్లాడే అవకాశం కల్పించడం 171(5) ఆశయం. గవర్నరు, మంత్రిమండలి ఆ స్థానం ఎవరిదన్న వాదంలో ఉన్నంతకాలం సభలో ఆ గొంతు వినిపించదు. నియోజకవర్గం లేని స్థానం కనుక ఆ లోటును ఎవరూ లెక్కించరు. ఆ లెక్కను చట్టమే చూడవలసి ఉంది.